రాజీనామా ఇచ్చానంటే "ఎవరితో గొడవైంది?" అని అడిగారు, ఈ మాటకి ఇన్ని అర్థాలేంటి?

కృష్ణలంక కుర్రాడు

ముందు జరిగింది చెప్తా, నవ్వుకున్నాక సమాధానం చెప్పండి.

నోయిడాలో మూడేళ్ళ నుంచి ఉంటున్నా. నా హిందీ బాగానే ఉందనే ధీమాతోనే ఉన్నా ఇన్నాళ్ళూ. హైదరాబాద్‌లో వేరే ఉద్యోగం దొరికింది కాబట్టి ఇక్కడ మానేశా. ఇల్లు ఖాళీ చేయాలి కదా, ఆ మాట చెప్దామని కింద వాటాలో ఉండే ఓనర్ అంకుల్ దగ్గరికెళ్ళి, టీ తాగుతూ మెల్లిగా "అంకుల్‌జీ, మైనే రాజీనామా దే దియా" అన్నా. ఆయన కప్పు కింద పెట్టేసి "కిస్‌సే ఝగ్‌డా హువా థా బేటా? థానే తక్ బాత్ గయీ క్యా?" అన్నారు. ఎవరితో గొడవ, పోలీస్ స్టేషన్ దాకా వెళ్ళిందా అని! వంటింట్లోంచి ఆంటీ కూడా చేతులు తుడుచుకుంటూ వచ్చేశారు. నేను ఆఫీసు అంటాను, ఆయన స్టేషన్ అంటారు. పది నిమిషాలు ఇదే గోల. చివరికి ఫోన్‌లో కొత్త ఆఫర్ లెటర్ చూపిస్తే "అచ్ఛా, ఇస్తీఫా! సీధా బోలో నా" అని నవ్వారు.

వాళ్ళ దగ్గర రాజీనామా అంటే గొడవపడ్డ ఇద్దరూ సర్దుకున్నామని రాసుకునే కాగితమట. మన దగ్గరేమో ఉద్యోగం వదిలేయడం. మళ్ళీ మనకీ "రాజీ పడటం" అంటే సర్దుకోవడమే కదా, దానికి "నామా" తగలగానే ఉద్యోగం ఎలా ఊడింది? మాట మనం తప్పుగా తెచ్చుకున్నామా, వాళ్ళు మార్చేశారా?

బెండకాయ వేపుడు

ఇందులో అనుమానమెందుకు బ్రో. రాజుగారికి నామం పెట్టి వెళ్ళిపోవడమే రాజీనామా. నోటీస్ పీరియడ్ చేయకుండా చెక్కేసినవాళ్ళకి సరిగ్గా సరిపోతుంది.

పాత కాగితాలు

పైన చెప్పింది జోకే అయినా మా ఆఫీసులో ఒకాయన నిజంగానే రాజు, నామం అనుకునేవాడు, అందుకని కాస్త వివరంగా రాస్తున్నా. సంస్కృతంలో కూడా "రాజి" ఉంది, వరుస అని అర్థం, తరురాజి, వనరాజి అంటామే అది. దానికీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. పక్కింటి రాజ్యలక్ష్మిని రాజీ అని పిలవడానికీ లేదు.

మన రాజీ అరబ్బీ మాట. తృప్తిగా ఉన్నవాడు, ఇష్టపడ్డవాడు అని అసలు అర్థం. నామా పారసీ, అంటే పత్రం, ఉత్తరం, ఒక్కోసారి పుస్తకం కూడా. బాబర్‌నామా, వకాల్తానామా, పంచనామా అన్నిట్లో ఉన్నది అదే. రెండూ కలిపితే "నా ఇష్టంతో రాసిచ్చిన కాగితం". అంతే. ఇందులో గొడవా లేదు, ఉద్యోగమూ లేదు. దేనికి ఇష్టపడ్డావో కాగితం లోపల రాసి ఉంటుంది తప్ప మాటలో ఉండదు. కాబట్టి మీరూ తప్పు కాదు, మీ అంకులూ తప్పు కాదు, ఆ ఖాళీని ఒక్కో చోట ఒక్కో ఆఫీసు ఒక్కోలా నింపుకుంది.

ఉర్దూ కోర్టులు నడిచిన ఉత్తరాదిలో ఈ కాగితం ఎక్కువగా పుట్టింది వాది ప్రతివాదుల మధ్య. "మాకు మాకు సరిపోయింది, ఇక కేసు వద్దు" అని ఇద్దరూ ఇష్టంతో సంతకం పెడితే అది రాజీనామా. ఇటు దక్షిణాన, పడమట రైత్వారీ పద్ధతిలో రైతుకీ సర్కారుకీ నేరుగా సంబంధం. భూమి ఎవరి పేరున ఉంటే శిస్తు వాళ్ళ నెత్తిన. సాగు చేయలేకపోయినా, ఇంకొకరికి ఇచ్చేసినా "ఈ సర్వే నంబరు నా ఇష్టంతో వదులుకుంటున్నా" అని సర్కారుకి రాసివ్వాలి. బొంబాయి ప్రెసిడెన్సీలో ఆ కాగితం పేరే రాజీనామా. తీసుకునేవాడు "శిస్తు కట్టడానికి ఒప్పుకుంటున్నా" అని రాసిచ్చేది కబూలాయత్. 1879 నాటి బొంబాయి ల్యాండ్ రెవెన్యూ కోడ్ కింద నడిచిన పాత కేసులు చదివితే ఈ రెండూ బండికి రెండు చక్రాల్లా కలిసే కనిపిస్తాయి, ఒకడు రాజీనామా ఇస్తాడు, ఇంకొకడు కబూలాయత్ ఇస్తాడు, భూమి చేతులు మారుతుంది. ఏళ్ళ తరబడి కచేరీలో ఆ కాగితం ఇచ్చిన ప్రతివాడూ ఏదో ఒకటి వదులుకుని బయటికి వస్తుంటే, జనం చెవికి రాజీనామా అంటే వదులుకోవడం అనే పడుతుంది. భూమిని వదులుకోవడానికి వాడిన మాట పటేల్‌గిరీ, కరణీకం వదులుకోవడానికి వాడటం ఎంత పని? నా లెక్క ఇది. మరాఠీ, గుజరాతీ, కన్నడం, తమిళం, తెలుగు, అన్నిట్లో ఇవాళ ఇది పదవి వదులుకోవడమే.

అక్షర పిచ్చిది

మంచి వివరణ అండి. నామాల గురించి ఒక చిన్న సరదా. వీలునామాలో "వీలు" మన వీలు కాదు, ఇంగ్లీషు విల్. ఇంగ్లీషు తల, పారసీ తోక, మధ్యలో తెలుగు దీర్ఘం. తమిళులు అదే విల్‌ని ఉయిల్ చేసుకున్నారు. చిరునామాలో కూడా "చిరు" ఏమీ లేదు, అది సర్‌నామా, ఉత్తరం తలమీద రాసేది. గుజరాతీలో ఇప్పటికీ అడ్రస్‌ని సర్‌నాము అంటారు.

ఇక ఇస్తీఫా. అదీ అరబ్బీయే, నన్ను మన్నించి వదిలేయండి అని అడగడం. మన రుణమాఫీలో ఉన్న మాఫీ అదే ధాతువులోంచి వచ్చింది. అంటే నోయిడాలో ఉద్యోగం మానేసేవాడు మాఫీ అడుగుతున్నాడు, విజయవాడలో మానేసేవాడు నా ఇష్టం అంటున్నాడు. మన పద్ధతే బాగుంది.

బెండకాయ వేపుడు

అయితే అర్జీ, మర్జీ, కాజీ, రాజీ అన్నీ ఒకే తాను ముక్కలా మేడమ్?

అక్షర పిచ్చిది

సగం కరెక్ట్. మర్జీ, రాజీ అక్కాచెల్లెళ్ళు, రెండూ ఇష్టం అనే ధాతువులోవి. "వాడి మర్జీ" అంటే వాడిష్టం అనేగా. అర్జీ వేరే ధాతువు, ఎదుట పెట్టడం, విన్నవించడం. కాజీ ఇంకోటి, తీర్పు చెప్పడం. అన్నీ ఒకేలా వినపడేది ఎందుకంటే అరబ్బీలో వాటి మధ్య ఒకే అక్షరం ఉంది, బరువైన ద లాంటిది, అరబ్బులే తమ భాషని ఆ అక్షరం పేరుతో "దాద్ భాష" అని గొప్పగా చెప్పుకుంటారు. పారసీ వాళ్ళకి అది పలకక ఇంగ్లీషు జెడ్ చేశారు. మనకి ఆ జెడ్డూ పలకక జ చేశాం. స్పెయిన్ వాళ్ళు అదే కాజీని అల్కాల్దే చేసి ఊరి మేయర్‌ని అలా పిలుస్తున్నారు. ఇండోనేషియా వాళ్ళు ఆ అక్షరాన్ని ల చేశారు, ఇష్టం అని చెప్పే "రిదా" వాళ్ళ దగ్గర "రెలా" అయింది. దానికి మన సంస్కృతం "వాన్" (ధనవాన్‌లో వాన్) తగిలించి "రెలావాన్" అంటారు, వాలంటీర్ అని. వీలునామాకి పోటీ ఇవ్వగల మాట ఇదొక్కటే.

వకీలు గారి అబ్బాయి

కోర్టు సంగతి నేను చెప్తా, రోజూ చూసేదే. మన కోర్టుల్లో ఇద్దరికీ కుదిరితే "రాజీ అయిపోయింది సార్" అంటాం, రాజీ మెమో వేస్తాం, లోక్ అదాలత్‌లో రాజీ చేయించాం అంటాం. ఎవరూ పొరపాటున కూడా రాజీనామా అనరు, అంటే బెంచి గుమాస్తా తల పైకెత్తి చూస్తాడు. క్రిమినల్ కేసుల్లో రాజీకి పనికొచ్చే నేరాల జాబితా ఉంటుంది, పాత సీఆర్‌పీసీలో 320, ఇప్పుడు కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో 359. ఉత్తరాదిలో ఇదే పనికి పెట్టే కాగితం మీద పెద్దక్షరాలతో రాజీనామా అని ఉంటుంది. ఢిల్లీ నుంచి ఒక చెక్ బౌన్స్ కేసు ఫైలు వస్తే మా జూనియర్ చూసి "సార్, ముద్దాయి రిజైన్ చేశాడంట, మనకెందుకు పంపారు?" అని అడిగాడు.

ఇంకోటి. పాత కాగితాలు గారు చెప్పిన "ఇష్టంతో" అనే ముక్క చట్టంలో ఇప్పటికీ బతికే ఉంది. ఎమ్మెల్యే రాజీనామా చేస్తే అది తన ఇష్టంతో చేసిందేనా, నిజమైనదేనా అని స్పీకర్ చూసుకోవాలి, 1974లో 33వ రాజ్యాంగ సవరణతో 101, 190 అధికరణాల్లో ఆ మాట చేర్చారు. మన నాయకులు పత్రికా సమావేశంలో కాగితం ఊపి "రాజీనామా చేసేశా" అంటే, అవతలి పార్టీవాళ్ళు వెంటనే "స్పీకర్ ఫార్మాట్‌లో ఇచ్చాడా లేదా?" అని అడిగేది అందుకే.

మానేరు ఒడ్డు

ఈ చర్చ చదువుతుంటే మా ఇంట్ల జరిగిన ముచ్చట యాదికొచ్చింది, రాయకుండా ఉండలేకపోతున్నా.

మాది కరీంనగర్ దగ్గర. మా తాత పెట్టెలో ఒక పాత స్టాంపు కాగితం ఉండేది, ఉర్దూలో, నీలం సిరా గోధుమరంగుకి తిరిగింది, మడత పెట్టిన చోట చినిగితే ఎవరో వెనకాల పలుచటి గుడ్డ అంటించారు. మా ముత్తాత వేలిముద్ర ఉంది దాని మీద. ఇంట్లో ఉర్దూ చదివే చివరి మనిషి మా పెద్దనాయన, ఆయన చిన్నప్పుడు పైన రాసింది మాత్రం కూడబలుక్కుని "రాజీనామా" అని చదివి చెప్పిండట. ఇంక అంతే, మా ముత్తాత పట్వారీ దగ్గర పనిచేసిండని, ఏదో అన్యాయం సహించలేక నౌకరీకి రాజీనామా చేసి వచ్చిండని ఇంట్ల ఒక కథ తయారైంది. మేము చిన్నప్పటి నుంచి అదే విన్నాం. ఎక్కడ మాట వచ్చినా "మన తాత నౌకరీ మొఖాన కొట్టి వచ్చిండు" అని మా బాబాయి మీసం తిప్పేవాడు.

మూడేళ్ళ కింద భూమి కాగితాల కోసం పాతబస్తీలో ఉర్దూ దస్తావేజులు చదివిపెట్టే ఒక పెద్దమనిషికి మిగతా వాటితో పాటు అది కూడా చూపించినం. ఆయన అద్దాలు తుడుచుకుని నిదానంగా చదివి చెప్పిండు, ఫసలీ 1347 అని ఉంది, అంటే 1937-38. అది నౌకరీ కాదు, నాకరీ కాదు. మా ముత్తాత, ఆయన తమ్ముడు ఒకే మోటబావి నీళ్ళ కోసం కొట్టుకుని కేసు దాకా పోయిండ్రు, చివరికి వారానికి నాలుగు దినాలు అన్నకి, మూడు దినాలు తమ్మునికి మోట అని ఇష్టంతో ఒప్పుకుని రాసుకున్న కాగితం అది. నిజాం కచేరీల భాష ఉర్దూ కదా, అక్కడ రాజీనామా అంటే మీ నోయిడా అంకుల్ అర్థమే. కింద రెండు వేలిముద్రలు ఎందుకున్నయో అప్పుడు తెలిసింది, నౌకరీ మానేయడానికి ఇద్దరు వేలిముద్ర పెట్టరు కదా.

బాబాయి వారం దినాలు ఎవరితో మాట్లాడలేదు. ఇప్పుడు ఆ బావి పూడిపోయింది, దాని మీద మా చిన్నాయన వాళ్ళ పశువుల కొట్టం ఉంది.

పాత కాగితాలు

అన్నా, మీరు ఈ ఒక్క కాగితంతో నేను రాసిన మూడు పేరాలకి సాక్ష్యం ఇచ్చేశారు. ఆ రెండు వేలిముద్రల సంగతి ఉందే, అదే అసలు తేడా. కోర్టు రాజీనామాకి ఇద్దరు కావాలి, రైత్వారీ రాజీనామాకి ఒక్కడు చాలు. వీలైతే దాన్ని ఒక మంచి స్కాన్ తీయించి పెట్టుకోండి.

కొచ్చిన్ కోడలు

నాది ఇంకో బాధ. పెళ్ళయి కేరళ వచ్చిన కొత్తలో మలయాళం అక్షరాలు కూడబలుక్కుంటూ పేపర్ చదివేదాన్ని. "మంత్రి రాజివచ్చు" అని పెద్ద హెడ్డింగ్. నేను ఎవరితోనో రాజీకి వచ్చాడనుకున్నా, పోనీలే గొడవ తీరింది అని మా అత్తగారితో అంటే ఆవిడ నన్ను వింతగా చూశారు. ఇక్కడ నామా కూడా ఎగిరిపోయింది, ఉత్త "రాజి" అంటేనే రాజీనామా. రోడ్డు మీద జెండాలు పట్టుకుని "రాజి వెక్కుక" అని అరుస్తుంటే దిగిపొమ్మని అర్థం, సర్దుకుపొమ్మని కాదు. సర్దుకోవడాన్ని ఒత్తుతీర్పు అంటారు.

మా పక్క ఫ్లాట్‌లో గుజరాతీ వాళ్ళున్నారు, వాళ్ళకి రాజీ అంటే సంతోషం! మనవడు పుట్టాడని చెప్తూ ఆవిడ "హుఁ బహు రాజీ" అంది. అయినా వాళ్ళు కూడా ఉద్యోగం మానేస్తే రాజీనాముఁ అనే అంటారు. సంతోషపత్రం అన్నమాట, కొన్ని ఆఫీసుల విషయంలో నిజమే.

సర్దార్‌జీ పక్క సీటు

పంజాబీలో ఇంకా ఉంది. జబ్బు చేసి కోలుకుంటే "రాజీ హో గయా" అంటారు, ఒళ్ళు కుదుటపడింది అని. మా కొలీగ్ వాళ్ళ నాన్న ఆపరేషన్ అయ్యాక "పాపాజీ హుణ్ రాజీ నే" అని మెసేజ్ పెడితే నేను ఆపరేషన్‌కి ఇప్పుడు ఒప్పుకున్నారేమో అనుకుని "గుడ్, డేట్ ఎప్పుడు?" అని రిప్లై ఇచ్చా.

మందుల కంపెనీ మూర్తి

పాత కాగితాలు గారి లెక్కకి ఒక అడ్డు పుల్ల. నేపాల్ సంగతేంటి? నేను ఖాట్మాండులో రెండేళ్ళు పనిచేశా. అక్కడ ప్రధానమంత్రి దిగిపోతే పేపర్లో రాజీనామా అనే వేస్తారు. అది బొంబాయీ కాదు, మద్రాసూ కాదు, రైత్వారీ అసలే కాదు. పక్కనున్న యూపీ, బీహార్‌లో ఇస్తీఫా అంటుంటే కొండెక్కగానే మన మాట ఎలా వచ్చింది?

పైగా ఇంకో విచిత్రం చూశా. మా గోడౌన్ ఓనర్ స్థలం అమ్ముతుంటే తోడుగా మాల్‌పోత్ ఆఫీసుకి వెళ్ళా, అంటే మన రిజిస్ట్రేషన్ ఆఫీసు లాంటిది. అక్కడ అందరూ రాజీనామా, రాజీనామా అంటున్నారు, ఇంతమంది ఒకేరోజు ఉద్యోగాలు మానేస్తున్నారా అనుకున్నా. తీరా చూస్తే భూమి అమ్మకం దస్తావేజు పేరే రాజీనామా. "రాజీనామా పాస్" అయిందంటే రిజిస్ట్రేషన్ అయిపోయినట్టు.

పాత కాగితాలు

మూర్తి గారూ, అడ్డు పుల్ల అని పెట్టి దూలం ఇచ్చారు నాకు! ప్రెసిడెన్సీల గీత దగ్గర నేను తప్పే, అది వెనక్కి తీసుకుంటున్నా, గీత అంత తిన్నగా లేదు. కానీ భూమి సంగతి చూడండి. నేపాల్లో ఒకే మాట భూమి ఇచ్చేయడానికీ, పదవి ఇచ్చేయడానికీ రెండిటికీ ఇవాళ్టికీ వాడుకలో ఉందంటే, భూమి నుంచి పదవికి మాట నడిచిన దారి అక్కడ ఇంకా చెరిగిపోలేదన్నమాట. మన దగ్గర భూమి అర్థం రాలిపోయింది, పదవి మిగిలింది.

మానేరు ఒడ్డు

ఇష్టం అనే ధాతువు అన్నరు కాబట్టి అడుగుతున్నా, రజాకార్ కూడా ఇదేనా?

అక్షర పిచ్చిది

అదే అండి. రజా అంటే ఇష్టం, కార్ అంటే చేసేవాడు. స్వచ్ఛందంగా పనిచేసేవాడు, వాలంటీర్. పైన చెప్పిన రెలావాన్‌కి ఉర్దూ రూపం అనుకోండి. కర్ణాటకలో సెలవుని రజె అంటారే, మరాఠీలో రజా, అదీ ఈ రజాయే, వెళ్ళడానికి ఇచ్చిన అనుమతి.

పాకిస్తాన్‌లో రజాకార్ ఈనాటికీ మామూలు మంచి మాట, వరదలొస్తే సాయానికి వెళ్ళేవాళ్ళని అలాగే పిలుస్తారు. బంగ్లాదేశ్‌లో 1971 తర్వాత అది పచ్చి తిట్టు, పాకిస్తాన్ సైన్యానికి తోడు నిలిచిన దళం పేరు కాబట్టి, ద్రోహి అని అర్థం. 2024 జూలైలో ఢాకా విద్యార్థుల గొడవ అంత ముదరడానికి అప్పటి ప్రధాని షేక్ హసీనా నోట వచ్చిన ఆ ఒక్క మాట కూడా కారణం. ఇక తెలంగాణలో ఆ మాట ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు.

మానేరు ఒడ్డు

చెప్పక్కర్లేదు. మా నాయనమ్మ 1948లో పదేళ్ళ పిల్ల. ఎవడన్నా ఇంటి మీదికొచ్చి దబాయిస్తే ఇప్పటికీ "ఏందిరా, రజాకారోని లెక్క" అంటది. దాని అర్థం వాలంటీర్ అని నేనిప్పుడు ఆమెకి చెప్తే నన్ను కూడా అట్లనే అంటది.

కృష్ణలంక కుర్రాడు

అందరికీ థాంక్స్, నేనేదో రెండు లైన్ల సమాధానం వస్తుందనుకుంటే ఖాట్మాండు దాకా తిప్పారు.

చిన్న అప్‌డేట్. ఇవాళ ఇల్లు ఖాళీ చేశా. అంకుల్ అడ్వాన్సులోంచి పెయింటింగ్‌కి పన్నెండు వేలు పట్టుకుంటానన్నారు. గోడకి మేకు కూడా కొట్టలేదు నేను, ఒక్క వంటింటి మూల తప్ప ఎక్కడా మరక లేదు. అరగంట వాదించుకున్నాం, నేను మూడు అన్నా, ఆయన పది అన్నారు, ఆంటీ మధ్యలో వచ్చి ఆరుకి తెంచారు. కాగితం మీద రాసి ఇద్దరం సంతకం పెట్టాం. ఆయన పెన్ను మూసి జేబులో పెట్టుకుంటూ "దేఖా బేటా? ఇస్‌కో కెహ్‌తే హైఁ రాజీనామా" అన్నారు.

లారీ కింద హారన్ కొడుతోంది, ఉంటా.